నక్కవారం: ఒక పేరు, ఒక అల్లిక

దేశాలకు పేర్లు పెట్టినవారు ఆ దేశాలలో పుట్టినవారు కావటం అరుదు. దారిన పోయే బాటసారి ఓడ మీద నుండి చూచి ఒక మాట అంటాడు. ఆ మాట పటాలకెక్కుతుంది, గ్రంథాలకెక్కుతుంది. కొన్ని తరాలు గడచిన పిమ్మట ఆ దేశస్థుడే దానిని తన పేరుగా చెప్పుకొనవలసి వస్తుంది. బంగాళాఖాతంలోని నికోబారు దీవుల పేరు ఇటువంటిది. తంజావూరు బృహదీశ్వరాలయంలో, రాజేంద్రచోళుడు 1025 ప్రాంతంలో సముద్రం దాటి సాగించిన దండయాత్రను వర్ణించే శాసనమొకటి ఉన్నది. జయించిన దేశాల వరుసలో అది 'మానక్కవారం' అను దీవిని పేర్కొన్నది. అందులోని 'నక్క' శబ్దం సంస్కృత 'నగ్న' శబ్దానికి తద్భవమనీ, కనుక నక్కవారమంటే దిసమొలవారి నేల అనీ తరువాతి పండితులు పలువురు అర్థం చెప్పినారు. ఆ వ్యుత్పత్తి నిజమే కావచ్చును. కాని శాసనకవి ఆ దీవికి వాడిన విశేషణం నగ్నత్వానికి సంబంధించినది కాదు. ఆయన చూచినది, లేక చూచినవారి వలన విన్నది, తేనె నిండిన తోటలను. పేరులో ఒకటి ఉన్నది, వర్ణనలో వేరొకటి ఉన్నది. మనకు మిగిలినది పేరు మాత్రమే.

ఈ దీవుల వస్త్రధారణను గురించి వ్రాతలో నిలిచినదంతా పైవారు వ్రాసినదే. కావ్యాన్ని చదివేటప్పుడు కవి దృష్టి ఎక్కడ నిలిచినది, ఎక్కడ తప్పుకొన్నది అని మనం విచారిస్తాము. యాత్రికుని వ్రాతకు, అధికారి నివేదికకు, మానవశాస్త్రజ్ఞుని గ్రంథానికి ఆ విచారణ అక్కరలేదన్నట్లు ప్రవర్తిస్తాము. ఈ వ్యాసంలో నేను చేయదలచినది ఆ విచారణయే. దీవులవారు ఏమి అల్లినారు, ఏమి కట్టినారు, ఏ గుడ్డను ఎవరికి ఇచ్చినారు అన్న ప్రశ్నలను ముందుంచుకొని ఆ వ్రాతలను మరల చదవవలసి ఉన్నది.

ముందుగా మన భాష చేసే ఒక భేదాన్ని గమనించాలి. తెలుగులో 'నేయు' వేరు, 'అల్లు' వేరు. మగ్గం మీద పడుగు పేకలు కలిపేవాడు నేస్తాడు. చాపను, బుట్టను, వలను, పూలజడను చేసేవారు అల్లుతారు. హిందీలో ఈ రెండు పనులకు 'బున్‌నా' అన్న ఒక్క మాటే తరచు సరిపోతుంది. అండమాను నికోబారు దీవుల ఆదివాసులకు సంప్రదాయంగా మగ్గం లేదు, వారు నేయలేదు. కాని వారు అల్లినారు. నేతనే నాగరికతకు కొలతగా పెట్టుకొన్నవారికి ఆ దీవులు వస్త్రహీనంగా కనిపించినవి. అల్లికను కూడ లెక్కలోనికి తీసుకొన్నవానికి అవి వేరుగా కనిపిస్తవి. మనవారు కవిత్వాన్ని అల్లినారంటారు, కథను అల్లినారంటారు. అల్లికకు మన భాష ఇచ్చిన పీఠం నేతకు ఇచ్చిన దానికంటె తక్కువ కాదు.

చైనా బౌద్ధయాత్రికుడు ఇత్సింగు శ్రీవిజయంలో ఆగి, కెడా రేవు నుండి తామ్రలిప్తికి వస్తూ 673 ప్రాంతంలో ఈ సముద్రం దాటినాడు. కెడాకు ఉత్తరంగా పది దినాలకు పైగా ప్రయాణం చేసిన తరువాత 'నగ్నుల దేశం' వచ్చినదని వ్రాసినాడు. అది నికోబారు దీవులే అయి ఉండవలెనని చాలమంది విద్వాంసుల అభిప్రాయం. ఓడ కనబడగానే చిన్నపడవలు గుంపుగా బయలుదేరి వచ్చినవి. వాటిలో కొబ్బరికాయలు, అరటిపండ్లు, పేముతోను వెదురుతోను చేసిన వస్తువులు ఉన్నవి. వారు కోరినది ఇనుము ఒక్కటే. రెండు వేళ్ళంత ఇనుపముక్కకు అయిదో పదో కొబ్బరికాయలు ఇచ్చేవారట. వర్తకులు పరిహాసానికి తమ బట్టలు చూపితే, అవి మాకు అక్కరలేదన్నట్లు చేతులు ఊపేవారట. ఆ దేశస్థులు అల్లే గుండ్రని పేము పెట్టెలకు సాటివచ్చేవి మరెక్కడా లేవని కూడ ఇత్సింగు చెప్పినాడు.

ఈ వృత్తాంతాన్ని ఉదాహరించేవారు సాధారణంగా మొదటి భాగాన్ని ఉదాహరించి ఊరకుంటారు. బట్టలు వద్దన్న చెయ్యి, సాటిలేని పెట్టె అల్లిన చెయ్యి ఒక్కటే అన్నది వారికి పట్టదు. ఇనుము కావాలి, గుడ్డ అక్కరలేదు అన్నవానికి వివేకం లేదనటం ఎట్లా? వాని అవసరాలను వాడు ఎరిగి బేరమాడినాడు. పరిహాసం చేసినది ఓడలోనివారు. గంభీరంగా జవాబు చెప్పినది పడవలోనివారు. ఇత్సింగు ఈ రెంటినీ ఒకే చోట వ్రాసిపెట్టటం అతని నిజాయితీకి గుర్తు. లోపం ఉంటే అది మన పఠనంలోనే ఉన్నది.

ఆరు శతాబ్దాల తరువాత మార్కోపోలో ఈ దీవులను పేర్కొన్నాడు. ఇక్కడివారు ఆడామగా ఏమీ కట్టుకొనరన్నాడు. అయితే అతని గ్రంథానికి లభించిన ప్రతులలో ఒకదానిలో మాత్రం మరొక విశేషం ఉన్నది. ఆ జనులు వర్తకుల వద్ద రంగురంగుల పట్టు ఉత్తరీయాలను కొని, ఇండ్లలో దండెములపై వ్రేలాడదీసి, సంపదకు గుర్తుగా ఉంచుకొంటారనీ, కట్టుకొనటానికి మాత్రం వాడరనీ అందులో కలదు. వెనిసు నగరపు వర్తకుని కొడుకుకు ఇది వింతగా తోచి ఉండవచ్చును. కాని మన ఇండ్లలో పెట్టె అడుగున కర్పూరపు ఉండలు వేసి దాచిన పెండ్లిపట్టుచీర సంగతి ఏమిటి? దానిని ఏడాదికి ఒకమారు ఎండకు వేసి, నలుగురికి చూపి, మరల మడతపెడతారు. గుడ్డకు కట్టుకొనటమే ప్రయోజనమనుకొనటం పొరపాటు. చూచుకొనటం, దాచుకొనటం, ఇవ్వటం, కప్పటం కూడ దాని పనులే. ఆ దీవులవారు గుడ్డను ఎరుగనివారు కారు. దానికి వారిచ్చిన పని వేరు, అంతే.

అల్లు అన్న క్రియకు మన భాషలో మరొక అర్థం కూడ ఉన్నది: లేనిపోనిది కల్పించి చెప్పటం. పదునేడవ శతాబ్దపు మధ్యభాగంలో ఈ ప్రాంతానికి వచ్చిన ఓడలో ఉన్న కియోపింగు అను స్వీడను దేశస్థుడు నికోబారు మనుష్యులకు తోకలున్నవని వ్రాసినాడు. అతని యాత్రాగ్రంథం 1667లో అచ్చయినది. మరి నూరేండ్లకు స్కాట్లండు విద్వాంసుడు మాన్‌బోడో ప్రభువు, భాష పుట్టుపూర్వోత్తరాలను గురించి 1773లో ప్రారంభించిన తన ఉద్గ్రంథంలో, ఆ కథను సాక్ష్యంగా స్వీకరించినాడు. 1778లో ఆస్ట్రియా ఓడలో వచ్చిన వైద్యుడు ఫాంటానా నేల మీద దిగి చూచినాడు. నడుముకు చుట్టి, తొడల మధ్యగా తీసి, ఒక కొన వెనుకకు వ్రేలాడవిడిచిన సన్నని నారగుడ్డయే ఆ తోక. కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ వారి పరిశోధన సంపుటాలలో అతని వ్యాసం వెలువడినది.

మన పల్లెలలో గోచి పెట్టుకొని నాగలి దున్నే రైతును చూచినవాడెవడూ ఆ వ్రేలాడే కొనను తోక అనుకొనడు. కియోపింగు కన్ను గుడ్డను చూచినది. అతని బుద్ధి దేహాన్ని చదివినది. ఆ దీవులవారు నగ్నులన్న నిశ్చయం ముందే ఉన్నది కనుక గుడ్డ గుడ్డగా కనిపించటానికి వీలులేకపోయినది. ఒక పేరు ఎంతవరకు కన్నులు మూయగలదో చెప్పటానికి దీనికంటె స్పష్టమైన నిదర్శనం నేనెరుగను.

అనువాదకునికి ఈ చిక్కు నిత్యానుభవం. 'నగ్నుడు' అంటే ఒక అర్థం, 'దిసమొలవాడు' అంటే ఒక అర్థం, 'దిగంబరుడు' అంటే మరొక అర్థం. దిసమొల అన్నప్పుడు నవ్వుతాము. దిగంబరుడన్నప్పుడు దిక్కులనే వస్త్రంగా ధరించినవాడని చేతులు జోడిస్తాము. హిందీలో 'నంగా' అన్న మాట తిట్టుగా చెల్లుతుంది; 'దిగంబర్' చెల్లదు. శరీరస్థితి ఒక్కటే. మాట మారగానే మర్యాద మారుతున్నది. జైనముని విషయంలో మనం పాటించే ఈ వివేకాన్ని అడవిలో వేటాడి బ్రదికేవాని విషయంలో ఎందుకు పాటించలేదు? వానిది త్యాగం కాదు కనుక అని సమాధానం చెప్పవచ్చును. త్యాగం కాకపోవటం లోపం కాదుగదా. ఇత్సింగు చూచిన చెయ్యి ఊపటం ఒక నిర్ణయం. దానికి తగిన మాట మన నిఘంటువులలో ఇంకా లేదు.

ఇక ఆ దీవులవారి వస్తువులను చూతము. మనం మొగలిపొద అని ఎరిగిన చెట్టు జాతికి చెందినదే నికోబారులో పెద్దపండ్లు కాచే చెట్టు. దాని పండును ఉడికించి తీసిన గుజ్జు వారికి ముఖ్యాహారం. దాని ఆకు చాపకు పనికివస్తుంది. మన వాఙ్మయంలో మొగలి అనగానే పరిమళం, పాము, శివపూజకు నిషేధం గుర్తుకు వస్తవి. వారికి మొగలి అంటే అన్నమూ పడకా. కొబ్బరిచెట్టు సంగతి చెప్పనక్కరలేదు. కాయ ఆహారమే కాక చిరకాలం నాణెంగా కూడ చెల్లినది. పెద్ద నికోబారు లోపలి అడవులలో నివసించే షోంపెన్‌లు అత్తిజాతి చెట్టు పట్టను నానబెట్టి, దంచి, పలుచని నారవస్త్రంగా చేసేవారు. తీరంలోని నికోబారీలు దానిని వారి నుండి పుచ్చుకొనేవారు. కుండలకు చౌరా దీవి ప్రసిద్ధి. ఇతర దీవులవారు అక్కడినుండియే తెచ్చుకొనవలెనన్న కట్టడి ఉండేది. ఇట్లు ఒక దీవి వస్తువు మరొక దీవికి పోతూ ఆ దీవులన్నిటినీ కలిపినది.

గుడ్డకు నికోబారులో ఉన్న పెద్దపని చావుతో సంబంధించినది. పంతొమ్మిదవ శతాబ్దపు చివరిపాదంలో దీర్ఘకాలం ఈ దీవులలో అధికారిగా పనిచేసిన ఇ. హెచ్. మాన్ వ్రాతలలో ఇది వివరంగా కనిపిస్తుంది. బంధువులు తెచ్చిన గుడ్డలను శవానికి ఒకదానిపై ఒకటిగా చుట్టేవారు. చనిపోయినవాని వస్తువులను విరిచి, పగులగొట్టి సమాధి వద్ద ఉంచేవారు. కొంతకాలం గడచిన పిమ్మట పెద్ద విందు చేసి, ఎముకలను త్రవ్వి తీసి, కడిగి, క్రొత్తగుడ్డలో చుట్టేవారు. బ్రదికిఉండగా జానెడు గుడ్డతో తృప్తిపడినవానికి, పోయిన తరువాత ఇందరి గుడ్డలు.

తెలుగు పాఠకునికి ఇందులో అపరిచితమైనది ఏమున్నది? మన ఇండ్లలో ఆడపడుచు పోతే పుట్టింటివారు చీర తెచ్చి కప్పవలె. ఆ చీర రాకపోతే పుట్టిల్లు లేనిదానివలె పోయినదని ఊరు అనుకొంటుంది. కడపటి గుడ్డ దేహాన్ని కప్పటానికి కాదు, సంబంధాన్ని చూపటానికి. మాన్ ఈ గుడ్డలను జాగ్రత్తగా లెక్కించి వ్రాసినాడు. అందుకు మనం ఋణపడి ఉన్నాము. అయితే ఆయన వ్రాతలో ఇది ఆచారాల పట్టికలో ఒక అంశంగానే మిగిలినది. తెచ్చినవాడు ఎవడు, తేలేకపోయినవాని దుఃఖం ఎట్టిది అన్న ప్రశ్న ఆ పట్టికలో ఇమడదు. సాహిత్యం ఆరంభం కావలసిన చోట నివేదిక ఆగిపోయినది.

అండమాను దీవుల వైపు తిరిగితే అల్లిక మరింత సన్ననిది. గ్రేట్ అండమాను స్త్రీలు మొగలిజాతి ఆకులతో చేసిన నడుముపట్టీలు ధరించేవారు. పెండ్లయిన స్త్రీ ధరించే పట్టీ ఒకటి ప్రత్యేకంగా ఉండేదని మాన్ వ్రాసినాడు. మన మంగళసూత్రం, మెట్టెలు చెప్పే మాటను అక్కడ ఆకు చెప్పినదన్నమాట. లిటిల్ అండమానులోని ఓంగీ స్త్రీలు నారతో చేసిన కుచ్చును ముందువైపు ధరించేవారు. నార తీయటం, పేనటం, వల అల్లటం, వింటినారి పేనటం వారి జీవనానికి ఆధారమైన విద్యలు. 1906-08లో ఈ దీవులలో పరిశీలన చేసిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1922లో అచ్చయిన తన గ్రంథంలో ఈ నారలకు, ఆకులకు వారు ఆరోపించిన శక్తిని చర్చించినాడు.

ఆయన వర్ణించిన రెండు ఆచారాలను ఒకదానిప్రక్క ఒకటి పెట్టి చూడవలె. ఊరిలో చావు జరిగితే, సన్నగా చీల్చిన తాళజాతి లేతాకును ఊరి ప్రవేశం వద్ద కట్టేవారు. తెలియక వచ్చే అతిథికి అది హెచ్చరిక. రెండవది ఉత్తర అండమానులో పగబట్టిన రెండు పక్షాలు సంధి చేసుకొనే ఆచారం. ఆటస్థలంలో గుంజలు నాటి, అడ్డంగా పేమును కట్టి, దానికి అదే ఆకును చీల్చి వరుసగా వ్రేలాడదీసేవారు. ఆతిథ్యమిచ్చే పక్షం మగవారు నిరాయుధులై, ఆ పేముకు వీపులానించి, దానిపొడుగున చేతులు చాచి నిలిచేవారు. వచ్చిన పక్షం బెదిరిస్తూ ఆడుతూ ముందుకు వచ్చి, ఒక్కొక్కరినీ పట్టి గట్టిగా కుదిపేవారు. ఆ తరువాత ఇరుపక్షాలవారూ కలిసి కూర్చుండి ఏడ్చేవారు, విండ్లు మార్చుకొనేవారు.

చావుకు కట్టినదీ, సంధికి కట్టినదీ ఒకే ఆకు. అది నిషేధచిహ్నమని రాడ్‌క్లిఫ్-బ్రౌన్ వివరణ. సంఘం తనకు కావలసిన మనోభావాలను వ్యక్తులలో నెలకొల్పటానికి ఇట్టి కర్మలు సాధనాలని ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం బలమైనదే. కాని అది ఆకును సంఘానికి పనిముట్టుగా మాత్రమే చూచినది. మన పెండ్లిలో తెరసెల్ల పట్టుకొనే క్షణాన్ని తలచుకొంటే వేరొకటి తోస్తుంది. ఆ తెల్లని గుడ్డ వధూవరులను వేరుచేస్తున్నది. అది అడ్డుగా ఉన్నందువలననే, తొలగినప్పుడు చూపు కలియటానికి అర్థం వచ్చినది. అండమాను ఆకుతెర కూడ అట్టిదేనని నేననుకొంటాను. చావు వద్ద అది ఉన్నవానిని పోయినవానినుండి వేరుచేసినది. సంధివద్ద నిన్నటి శత్రువును నేటి మిత్రునినుండి వేరుచేసినది. దానిక్రింద నిలిచినవాడు భయపడుతూనే నిలిచినాడు. కుదిపినవాడు చంపగలిగి ఉండి కుదిపి విడిచినాడు. చీల్చిన లేతాకు ఇంత బరువు మోసినదని గుర్తించటానికి మానవశాస్త్రంతోపాటు కావ్యం చదివిన అలవాటు కూడ కావాలి.

ఇటువంటి జనులకు గుడ్డ కట్టటం పరిపాలనలో భాగమైనది. 1858లో పోర్టుబ్లెయిరులో ఖైదీల వలస ఏర్పడినది. 1863లో కార్బిన్ అను పాదరీ ఆధ్వర్యాన 'అండమాను గృహం' వెలసినది. అడవివారిని తెచ్చి, బట్టలు తొడిగి, పని నేర్పటం దాని ఉద్దేశం. అక్కడ వారికి పొగాకు, మద్యం, జబ్బులు కూడ అంటినవి. 1901 జనాభా లెక్కలలో గ్రేట్ అండమానీలు 625 మంది. 1961 లెక్కలలో 19 మంది. వారి నాశనానికి గుడ్డయే కారణమని ఎవరూ అనరు. కాని ఆ గుడ్డను ఉపకారంగా వర్ణించిన వాక్యాలను ఈ రెండు అంకెలను ప్రక్కన పెట్టుకొని చదవవలె.

తరువాతి కాలంలోను గుడ్డ రాయబారిగా పోయినది. 1974లో జారవాలతో స్నేహపూర్వకమైన కలయిక సాధ్యమైన నాటినుండి ప్రభుత్వ బృందాలు కొబ్బరికాయలు, అరటిపండ్లతోపాటు ఎర్రగుడ్డలు కానుకగా తీసుకొనిపోయేవి. జారవాలు వాటిని చీలికలుగా చేసి అలంకారంగా కట్టుకొన్నారు. మార్కోపోలో విన్న పట్టు ఉత్తరీయాల తీరే ఇది: గుడ్డ వచ్చినది, దాని పనిని మాత్రం పుచ్చుకొన్నవారే నిర్ణయించినారు. 2012 జనవరిలో జారవా స్త్రీలను విహారయాత్రికుల ఎదుట ఆడించిన చలనచిత్రం బయటపడి దేశమంతట నిరసన రేగినది. ఆదివాసులను కాపాడటానికి 1956లోనే చేసిన నిబంధనలను ఆ ఏడు సవరించి శిక్షలు పెంచినారు. ఆ చిత్రంలో అవమానకరమైనది ఆ స్త్రీలు గుడ్డ కట్టకపోవటం కాదు, చూచినవాని చూపు. ఇత్సింగు ఓడమీది పరిహాసం పదమూడు శతాబ్దాల తరువాత కూడ తెగలేదు.

ఇన్ని వ్రాతలలోను దీవులవారి కలం లేదనుకొంటే పొరపాటు. కార్ నికోబారులో పుట్టి, బర్మాలో చదివి, తరువాత క్రైస్తవమతాచార్యుడైన జాన్ రిచర్డ్‌సన్ తన భాషకు లిపినిచ్చి బైబిలును అనువదించటానికి జీవితకాలం శ్రమించినాడు. 1952లో తొలి లోక్‌సభకు దీవుల ప్రతినిధిగా నియమితుడైనాడు. బైబిలు మొదటి పుటలలోనే తొలి మానవులు తమ దిసమొలను తెలుసుకొని, అంజూరపు ఆకులు కుట్టి కట్టుకొన్న కథ ఉన్నది. ప్రపంచం నగ్నులని పిలిచిన జాతికి, అత్తిజాతి పట్టను వస్త్రంగా ఎరిగిన దీవులకు, సిగ్గుతో పుట్టిన ఆ ఆకును చేర్చవలసిన అనువాదకుని పని ఎంత సున్నితమైనదో అదే వృత్తిలో ఉన్నవారు ఊహించగలరు. ఆ భాషలో వస్త్రానికి, సిగ్గుకు ఉన్న మాటలను గురించి నికోబారు పండితులే వ్రాసి, అది తెలుగు, హిందీ మొదలైన భాషలలోనికి రావలె. మనం ఇంతవరకు ఆ దీవులను గురించి అనువదించుకొన్నాము. ఆ దీవులనుండి అనువదించుకొనలేదు.

ఆ పనికి గడువు అనంతం కాదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో నికోబారు తీరాల తోటలు తుడిచిపెట్టుకొనిపోయినవి. ట్రింకెట్ దీవి ముక్కలై జనశూన్యమైనది. చౌరావారు కొన్నేండ్లు తెరెస్సా దీవిలో తలదాచుకొన్నారు. చెట్టు పోతే ఆకు పోతుంది. ఆకు పోతే అల్లే చేతికి పని పోతుంది. ఆ చేయి ఉపయోగించే మాటలు కూడ కొన్నాళ్ళకు నోటినుండి జారిపోతవి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి ఇంచుమించు పదముగ్గురి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి పోయి తరాలుగా స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఉన్నవి. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్టుబ్లెయిరులో మన భాష వీధిలో వినవచ్చే భాష. కనుక ఈ విషయం తెలుగువారికి దూరపు సంగతి కాదు, పొరుగింటి సంగతి.

పేరు మార్చటం రాజ్యం చేయగలదు. పేరు చేసిన చూపును మార్చటం వ్రాసేవారూ చదివేవారూ చేయవలసిన పని. నక్కవారమన్న మాట ఎదురైనప్పుడల్లా, తేనె నిండిన తోటలను ఎన్నిన ఆ శాసనకవినీ, సాటిలేని పేము పెట్టెను మెచ్చిన ఆ భిక్షువునూ కూడ తలచుకొని, తరువాత మన మాటను ఎన్నుకొందము.